గుంటలో వెలుతురు ఎంత లోతుకు పోతుంది: ఒక పాంక్రియాస్ క్యాన్సర్ కేసు

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో ఒక తప్పు నాది, అది అర నిమిషంలో చేసిన తప్పు. నేను నెల్లూరు పొగతోటలో గ్యాస్ట్రో ప్రాక్టీస్ చేస్తాను. లివరు, పిత్తనాళం, పాంక్రియాస్ (క్లోమం), రోజంతా ఎండోస్కోపీ గొట్టంతోనే కాపురం. పేషెంటు ఇప్పుడు లేరు. వాళ్ల అబ్బాయిని అడిగి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఈ మధ్య ఓపీలో నెలకు ఇద్దరన్నా ఫోన్ తీసి వీడియో చూపించి "లైటుతో పాంక్రియాస్ క్యాన్సర్ కరిగిపోద్దంట గదా సార్" అని అడుగుతున్నారు. దానికి ఒక్క మాటలో అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. నేను కాదని చెప్పి ఊరుకున్నాను, దాని ఫలితమే ఈ కేసు.

ఆయన వయసు 61. విడవలూరు అవతల, సముద్రానికి దగ్గరగా మూడు వనామీ రొయ్యల గుంటలున్న రైతు. రాత్రిళ్లు నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్ల దగ్గర కాపలా, ఆ కాపలాకు తోడుగా ముప్పై ఏళ్ల నుంచీ రోజుకో సిగరెట్ ప్యాకెట్. మా దగ్గరికి రావడానికి ఎనిమిది నెలల ముందు షుగర్ బయటపడింది. ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, మనిషి లావు కాదు, పైగా 68 కిలోలున్న మనిషి 57కి వచ్చేశారు. "షుగరొచ్చింది గదా, తగ్గరా మరి" అని ఇంట్లోవాళ్లూ అనుకున్నారు, మాత్రలు రాసిన డాక్టరూ అనుకున్నారు. యాభై దాటాక కొత్తగా షుగర్ వస్తే అందరినీ పట్టుకుని సీటీ తీయమని నేను అనను, అలాంటివాళ్లలో పాంక్రియాస్ క్యాన్సర్ తేలేది మూడేళ్లలో వందకు ఒకరికి అటూ ఇటూగా. కానీ షుగర్ కొత్తగా వచ్చి, తిండి తగ్గించకుండానే బరువు పడిపోతుంటే మాత్రం ఆ వందలో ఒకరు ఎదురుగా కూర్చున్నారేమో అని ఒక్కసారి అనుకోవాలి.

నొప్పి కూడా పాఠంలో రాసినట్టే ఉంది, ఎవరూ చదవలేదంతే. "పండుకుంటే నడుం కాడికి గుంజద్ది సార్, ముందుకు వొంగి దిండు మీద పడితే రొంత తగ్గద్ది" అన్నారు. ఐదు నెలలు గ్యాస్ మాత్రలు వాడారు. రాత్రి గుంట గట్టు మీద మేత బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, వాటి మీద బోర్లా వాలి నిద్రపోయేవారంట. ఆ ఒక్క మాట వింటే సగం డయాగ్నోసిస్ అయిపోయినట్టే, ఎందుకంటే పాంక్రియాస్ కడుపు వెనకాల, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది, దాని వెనకున్న నరాల గుత్తిని కణితి పట్టుకుంటే వెల్లకిలా పడుకోవడం నరకం.

తర్వాత కామెర్లు. మన వైపు కామెర్లంటే ముందు పసరు, తర్వాతే డాక్టరు. పది రోజులు పసరు తాగి, పత్యం పేరుతో మజ్జిగన్నం తప్ప ఏమీ తినకుండా, ఒళ్లంతా రక్తాలొచ్చేలా గోక్కుని వచ్చారు. కళ్లు పసుపు ముద్దలు, మూత్రం డికాక్షన్ రంగు, విరేచనం సుద్దలా తెల్లగా. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 18.4. జ్వరం లేదు, అదొక్కటే అదృష్టం. లివర్ వాపు వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, అందుకే పసరుకు పేరొస్తుంది. పిత్తనాళం మూసుకుని వచ్చిన కామెర్లకు పసరు తాగినా, తాగకపోయినా నాళం మూసుకునే ఉంటుంది.

సీటీలో పాంక్రియాస్ తలభాగంలో 4.2 సెంటీమీటర్ల కణితి. లివర్‌లో, ఊపిరితిత్తుల్లో ఏమీ లేవు. పేగులకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమనిని మాత్రం కణితి సగానికి పైగా చుట్టేసింది. దీన్ని లోకల్లీ అడ్వాన్స్‌డ్ అంటాం, అంటే దూరం పాకలేదు, కానీ కత్తి పెట్టి తీయడానికి వీల్లేకుండా ఉన్నచోటే పాతుకుపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, లైటు గురించి జరిగిన ట్రయల్స్ ఎక్కువగా ఇలాంటివాళ్ల మీదే జరిగాయి.

ఈఆర్‌సీపీ, అంటే నోట్లోంచి ఎండోస్కోపీ గొట్టం పంపి, పిత్తనాళం తెరిచి ఉంచడానికి మెటల్ స్టెంట్ పెట్టాను, 10 మిల్లీమీటర్ల వెడల్పుది. ప్లాస్టిక్‌ది చవకే గానీ మూడు నెలలకల్లా మూసుకుపోతుంది, మళ్లీ కామెర్లు, మళ్లీ చలి జ్వరం, కీమో మధ్యలో ఆ గొడవ వద్దనుకున్నాం. మూడో రాత్రికి దురద తగ్గి ఆయన మేత బస్తాలు లేకుండానే నాలుగు గంటలు నిద్రపోయారని వాళ్లావిడ సంబరంగా చెప్పింది. చెన్నై పంపి ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో ముక్క తీయించాం, అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల క్యాన్సర్ అని వచ్చింది. కీమోల్లో గట్టిది ఆయన తట్టుకోలేరనీ, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 2.9కి పడిపోయిన మనిషికి జెమ్‌సైటబిన్, నాబ్ పాక్లిటాక్సెల్ కలిపి ఇద్దామనీ ఆంకాలజిస్టు అన్నారు. సోమవారానికి డేట్ ఇచ్చారు.

ఆ ముందు శనివారం వాళ్లబ్బాయి ఓపీకి వచ్చాడు. డిప్లొమా ఎలక్ట్రికల్ చదివాడు, గుంటల మోటార్లు, జెనరేటర్లు అన్నీ తనే చూసుకుంటాడు. బయట డెబ్భై మంది ఉన్నారు. ఫోన్ నా ముందు పెట్టి "సార్, లేజర్ లైటు పెడితే నాలుగో స్టేజి పాంక్రియాస్ కూడా తగ్గద్దంట, మనకు ఉందా" అన్నాడు. నేను స్క్రీన్ వైపు కూడా చూడలేదు. "అవన్నీ ఉత్తవి, నమ్మొద్దు, సోమవారం కీమోకి తీసుకురా" అన్నాను. తరువాతి పేషెంటు అప్పటికే స్టూల్ మీద కూర్చునేశారు.

సోమవారం రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇరవై ఆరు రోజుల తర్వాత వచ్చారు. వీల్‌ఛెయిర్‌లో. బరువు 51. షుగర్ 420. మధ్యలో ఏం జరిగిందంటే, వేరే ఊళ్లో ఒక సెంటర్‌లో రోజూ నలభై నిమిషాలు కడుపు మీదా, నడుం మీదా ఎర్ర లైటు, ఇరవై ఒక్క సిట్టింగులు, 75 వేలు. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక దీపం విడిగా అమ్మారు, దానికి ఇంకో తొమ్మిది వేలు. కీమో పెడితే లైటు పని చేయదన్నారు. ఇన్సులిన్, కొవ్వు అరగడానికి తిండితో వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ అన్నీ "ఒంట్లో కెమికల్స్" అని ఆపించారు. నాకు వాళ్ల మీద కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఆ కోపంలో సగం ఎవరి మీదో నాకు తెలుసు. వాళ్లు ఆ కుటుంబంతో మొదటి రోజు గంటన్నర మాట్లాడారంట. గంటన్నర! నేను మాట్లాడింది అర నిమిషం.

చొక్కా ఎత్తి చూస్తే నడుం మీదా, పైపొట్ట మీదా గోధుమ రంగు గీతలు, ఒకదానికొకటి ముడిపడి, అచ్చం వల ఆరబెట్టినట్టు. "ఇది క్యాన్సర్ బయటికి వస్తన్న గుర్తని చెప్పినారు సార్" అంది వాళ్లావిడ. అది క్యాన్సర్ కాదమ్మా, వేడి. ఒకేచోట రోజుల తరబడి సెగ తగిలితే చర్మం కింద సన్న రక్తనాళాల దారి వెంబడి ఇలా మచ్చ పడుతుంది, దానికి ఎరిథీమా ఆబ్ ఇగ్నే అని పేరు, పొయ్యి దగ్గర గంటల తరబడి కూర్చునేవాళ్ల కాళ్ల మీద వెనకటి డాక్టర్లు చూసేవాళ్లు. పాంక్రియాస్ నొప్పితో వేడినీళ్ల సంచి వదలని పేషెంట్లకు నేనే ఎన్నోసార్లు చూశాను. కనపడితే ఆ మనిషి ఎంత నొప్పిలో ఉన్నాడో అడగక్కర్లేదు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆ దీపంతో నొప్పి తగ్గిందా అని అడిగితే ఆయన "తగ్గింది సార్, పెట్టినంతసేపూ తగ్గింది" అన్నారు. అబద్ధం కాదు. వేడి తగిలితే కండరం సడలుతుంది, నొప్పి కాసేపు మరుపుకొస్తుంది, వేడినీళ్ల సంచి చేసే పనే తొమ్మిది వేల దీపం చేసింది. ఆ ఉపశమనాన్నే వాళ్లు "గడ్డ కరుగుతోంది" అని అమ్ముకున్నారు. పైగా ఎంజైమ్స్ ఆపేయడంతో తిన్న కొవ్వు ఒంటబట్టక జిడ్డుగా, నీళ్లమీద తేలుతూ పోతుంటే అది "విషం బయటికి పోవడం" అని చెప్పారు. ప్రతి లక్షణానికీ వాళ్ల దగ్గర ఒక సమాధానం ఉంది, అదీ వాళ్ల బలం.

అడ్మిట్ చేసి షుగర్ దారికి తెచ్చాక, మూడో రోజు మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యే టైముకి ముగ్గురినీ కూర్చోబెట్టాను. ఈసారి వీడియో మొత్తం చూశాను, ముందు. అందులో ఒక భాగం నిజంగానే ఒక విదేశీ ఆసుపత్రిలో లేజర్ ఫైబర్‌తో చేస్తున్న ట్రీట్‌మెంట్, దాని తర్వాత అతికించిన భాగం ఎర్ర దీపాల సెంటర్‌ది. నిజానికీ అబద్ధానికీ మధ్య అతుకు ఎక్కడుందో చూపిస్తే చాలు, కానీ అది చూపించాలంటే నిజాన్ని ముందు ఒప్పుకోవాలి.

"పెద్దాయనా, ఫోన్ టార్చ్ వేసి దాని మీద వేలు పెట్టండి" అన్నాను. వేలి చివర ఎర్రగా వెలిగింది. అరచేయి పెట్టమంటే వేళ్ల మధ్య సందుల్లో కొంచెం ఎరుపు, అరచేతి మధ్యలో మసక. మణికట్టు పెడితే ఏమీ లేదు. ఆయనకు హుషారొచ్చి టార్చ్ తన పొట్టకే ఆనించుకుని "ఈపు పక్కన ఏమన్నా కనపడతా ఉండాదా చూడు" అని భార్యనడిగారు. ఆమె నిజంగానే లేచి వెనక్కి వెళ్లి వంగి చూసి "ఏం ల్యా" అంది.

ఆ తర్వాత నేను చెప్పక్కర్లేకపోయింది. ఆయనే అన్నారు, "గుంట రంగెక్కినట్టే గదా సార్, పలక దిగంగానే మాయం." గుంట చూసినవాళ్లకు తెలుస్తుంది, నీళ్ల రంగు కొలవడానికి నలుపూ తెలుపూ వేసిన గుండ్రటి పలకను తాడుతో దించుతారు, ముప్పై నలభై సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోతే నీరు బాగున్నట్టు, ఇంకా పైనే మాయమైతే నాచు ఎక్కువైనట్టు. మన కండ కూడా అంతే, రక్తం, కొవ్వు, పీచు అన్నీ వెలుతురును మింగేస్తాయి. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తం వెంటనే తాగేస్తుంది, ఎరుపు మాత్రం రవ్వంత లోతుకు పోతుంది, అందుకే వేలు ఎర్రగా కనపడేది, అందుకే ఈ ట్రీట్‌మెంట్లన్నిట్లో ఎరుపు వాడేది. రవ్వంత అంటే మిల్లీమీటర్ల లెక్క. చర్మం నుంచి పాంక్రియాస్‌కు మధ్య పొట్టగోడ, కొవ్వు, పేగులు, కడుపు ఉన్నాయి. ఎన్ని వాట్ల దీపం పెట్టినా చర్మం కాలుతుందే గానీ వెలుతురు అక్కడిదాకా పోదు.

"మరి లోపలికే తీసుకుపోతే?" అన్నాడు అబ్బాయి. ఆ కుర్రాడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అదే, నేను అడగనియ్యలేదు.

లోపలికి తీసుకుపోయేదే ఫోటోడైనమిక్ థెరపీ, పీడీటీ. ఇది ఉత్తది కాదు. 1900లో మ్యూనిక్‌లో ఆస్కర్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు వెలుతురు తగిలితే చచ్చిపోతున్నాయని, చీకట్లో బతుకుతున్నాయని ప్రచురించిన దగ్గర్నుంచి దీని కథ మొదలు. మూడు కావాలి దీనికి: రక్తంలోకి ఎక్కించే ఒక మందు, ఆ మందుకు సరిపడే రంగు వెలుతురు, ఆ చోట ఆక్సిజన్. మందు ఒక్కటే ఏం చేయదు, వెలుతురు ఒక్కటే ఏం చేయదు. రెండూ కలిసినచోట ఆక్సిజన్ ఒక విపరీతంగా చురుకైన రూపంలోకి మారి, దగ్గరున్న కణాల పొరల్ని చీల్చేస్తుంది, కణితికి రక్తం అందించే సన్న నాళాలు కూడా మూసుకుపోతాయి. పోర్ఫిమర్ సోడియం అనే మందుకు కెనడా 1993లో, అమెరికా 1995లో అనుమతిచ్చాయి, అమెరికాలో అన్నవాహిక క్యాన్సర్‌కు. దానికి 630 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు వాడతారు, ఇంజెక్షన్ ఇచ్చిన 40 నుంచి 50 గంటల తర్వాత.

పాంక్రియాస్ విషయానికొస్తే లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2002లో 16 మంది ఫలితాలు ప్రచురించారు. చర్మం గుండా సూదులు గుచ్చి, సీటీ చూస్తూ, ఆ సూదుల్లోంచి సన్న ఫైబర్లు కణితిలోకి దించి వెలుతురు ఇచ్చారు. చచ్చిన కణజాలం స్కాన్లో స్పష్టంగా కనపడింది. మధ్యస్థ ఆయుర్దాయం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 9.5 నెలలు, 16 మందిలో 7 మంది ఏడాది దాటారు. ఇద్దరికి పెద్ద రక్తస్రావం అయింది, కొందరికి తర్వాత డ్యువోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం, మూసుకుంది. పోల్చి చూడటానికి పక్కన వేరే గుంపు లేదు, కాబట్టి లైటు వల్ల ఎన్నాళ్లు కలిసొచ్చిందో ఆ లెక్క చెప్పదు. 2014లో అదే చోటి నుంచి ఇంకో 15 మంది, ఈసారి వెర్టిపోర్ఫిన్ అనే మందుతో, 690 నానోమీటర్లతో. ఆ మందు ఒంట్లోంచి త్వరగా పోతుంది, అది దాని గొప్ప. 40 జౌళ్ల వెలుతురు శక్తి దగ్గర 12 మిల్లీమీటర్ల వెడల్పున కణితి చచ్చింది. ఆ ట్రయల్ లక్ష్యమే ఎంత వెలుతురు కావాలి, అది సురక్షితమేనా అని తేల్చుకోవడం. అమెరికాలో ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ సూదిలోంచి ఫైబర్ పంపి కూడా చేశారు, పన్నెండు మందికి.

12 మిల్లీమీటర్లు. ఆయన కణితి 42. అబ్బాయి వెంటనే "నాలుగైదు ఫైబర్లు పెడితే?" అన్నాడు, వీడు ఇంజినీరే. పెట్టొచ్చు, పెట్టారు కూడా. కానీ ఆ కణితి ఆనుకుని ఉన్నది పేగు గోడకూ, పెద్ద రక్తనాళాలకూ. ఎంత ఎక్కువ వెలిగిస్తే అంత రక్తస్రావం భయం. ఇంకో చిక్కు, పాంక్రియాస్ కణితి మామూలు కణితిలా మెత్తగా ఉండదు, ఎండిన కొబ్బరి పీచులా గట్టిగా ఉంటుంది, లోపలికి రక్తం సరిగ్గా పోదు, కాబట్టి మందూ సరిగ్గా చేరదు, ఆక్సిజనూ తక్కువ. ఆక్సిజన్ మాట వినగానే పెద్దాయన నవ్వారు. "డీఓ పడిపోయిన గుంటలో మేత ఏసినట్టు" అన్నారు. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. తెల్లారుజామున ఏరియేటర్ ఆగిపోతే రొయ్య పైకి తేలి గాలికి కొట్టుకుంటుంటుంది, ఆ టైములో మేత వేస్తే తినదు, అడుగున కుళ్లుతుంది. నేను పీజీలో చదివిన దానికంటే ఆయన మాటే నాకు బాగా నచ్చింది, ఇప్పుడు అదే వాడుతున్నాను.

చిన్న ట్రయల్ బాగుంటే పెద్ద ట్రయల్ కూడా బాగుంటుందన్న నమ్మకం నాకు లేదు, దానికి కారణం పక్కనే ఉన్న పిత్తనాళపు క్యాన్సర్. 2003లో జర్మనీలో 39 మంది మీద చేసినదాంట్లో స్టెంట్‌తో పాటు పీడీటీ ఇచ్చినవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 493 రోజులు, స్టెంట్ ఒక్కటే పెట్టినవాళ్లది 98 రోజులు. ఎంత తేడానో చూడండి, మేమందరం ఆశపడ్డాం. 2018లో బ్రిటన్‌లో 92 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలొచ్చాయి: పీడీటీ కలిపినవాళ్లకు 6.2 నెలలు, స్టెంట్ ఒక్కటే పెట్టినవాళ్లకు 9.8. తిరగబడింది. ఎందుకనేదానికి వాదనలున్నాయి, పీడీటీ గుంపులో తర్వాత కీమో తక్కువమందికి అందడం ఒకటి. ఏదేమైనా పాంక్రియాస్ క్యాన్సర్‌కు పీడీటీ ఈ రోజుకీ ట్రయల్స్‌లో చేసేదే, స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ కాదు.

ట్రయల్ అని ఎవరన్నా చెబితే ఏం అడగాలో ఆ అబ్బాయికి రాసిచ్చాను. రక్తంలోకి ఏ మందు ఎక్కిస్తారు, దాని పేరేంటి? వెలుతురు కణితి దాకా ఏ దారిన తీసుకుపోతారు? సీటీఆర్‌ఐ, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబరెంత? మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ఆ రిజిస్ట్రీలో నమోదు చేయాల్సిందే, ఎవరైనా ఫోన్లో వెతికి చూసుకోవచ్చు. ఆ సెంటర్‌లో ఇంజెక్షనే లేదు. మందు లేకుండా వెలుతురు పెడితే అది పీడీటీ కానే కాదు, ఉత్త దీపం. తక్కువ పవర్ ఎర్ర లేజర్‌కు మన దగ్గర నిజమైన ఉపయోగం ఒకటి ఉంది, తల, మెడ రేడియేషన్ వల్ల నోట్లో వచ్చే పుండ్లు తగ్గించడానికి. అది పుండుకు చేసే వైద్యం, కణితికి కాదు. ఈ రెండిటి పేర్లనూ కలిపేసి వాడుకుంటున్నారు.

పెద్దాయన చివరికి ఒక్కటే అడిగారు: "చేయించుకుంటే ఎన్నాళ్లు ఇంట్లో ఉండాల?" పోర్ఫిమర్ అయితే కనీసం నెల రోజులు ఎండలోకి రాకూడదు, చర్మం నిండా మందు ఉంటుంది, పది నిమిషాల ఎండకే బొబ్బలెక్కుతుంది, మామూలు సన్‌స్క్రీన్ క్రీములు ఆపలేవు. అప్పుడు ఏప్రిల్ నెలాఖరు, నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. "సీడ్ వదిలి నలభై రోజులైంది సార్, గుంట చూడకుండా నెల రోజులు నేనుండలేను" అన్నారు. సీడ్ అంటే రొయ్య పిల్లలు. ఆ వారం రిజిస్ట్రీలో ఆయనకు సరిపోయే ట్రయల్ కోసం నేను వెతికాను, దొరకలేదు. దొరికి ఉంటే వెళ్లేవారా అంటే, ఆ మాట విన్నాక వెళ్లరనే నా అంచనా.

మిగతా ట్రీట్‌మెంట్‌లో కొత్త సంగతులేమీ లేవు, కానీ ఆయనకు పనికొచ్చింది అదే. ఎంజైమ్ క్యాప్సూల్ తిన్న తర్వాత కాదు, మొదటి ముద్దతో పాటు. ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పకపోతే మందు దండగ. ఇన్సులిన్ మళ్లీ. మార్ఫిన్ మాత్రలు, వాటితో పాటు తప్పనిసరిగా విరేచనం సాఫీగా అయ్యే మందు. మార్ఫిన్ అనగానే వాళ్లావిడ "అది చివరాఖరి మందు గదా సామీ" అని భయపడింది, నొప్పి ఇంత గట్టిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాల్సిన మందమ్మా అది అని చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది. తర్వాత నరాల గుత్తి దగ్గర ఆల్కహాల్ ఇంజెక్షన్, సీలియాక్ ప్లెక్సస్ న్యూరోలైసిస్. రెండు రోజులు విరేచనాలయ్యాయి, మూడో రోజు వెల్లకిలా పడుకున్నారు. ఏడు నెలల తర్వాత మొదటిసారి అంట.

కీమో ఐదు వారాలు ఆలస్యంగా మొదలైంది. రెండు విడతల కీమోకు కణితి 3.8 సెంటీమీటర్లకు తగ్గింది. బరువు 55కి వచ్చి ఆగింది. వేళ్ల చివర్లు మొద్దుబారి రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే తాడు పట్టు తెలియడం లేదనేవారు, డోసు తగ్గించాం. జూలైలో రొయ్యల పట్టుబడి చేశారు, నలభై కౌంటు (కిలోకు నలభై రొయ్యలు) వచ్చింది, ఒక డబ్బా నిండా రొయ్యలు మా ఇంటికి పంపారు. వద్దన్నా వినలేదు. ఆరో నెలలో స్టెంట్‌లోకి కణితి పెరిగి చలి జ్వరం వచ్చింది, లోపల ఇంకో స్టెంట్ వేశాను. ఏడో నెలలో లివర్‌లో మచ్చలు, అంటే క్యాన్సర్ అక్కడికి పాకింది. అక్కడితో కీమో ఆపేద్దామని ఆయనే అన్నారు. డయాగ్నోసిస్ నుంచి పదో నెలలో, ఇంట్లోనే, నొప్పి లేకుండా పోయారు.

జన్యు పరీక్ష చేయించలేదు. పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలిన ప్రతివాళ్లకూ చేయించమనే ఇప్పుడు చెబుతున్నారు, బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉంటే మందు మారుతుంది, ఇంట్లో వాళ్లకూ ముందే తెలుస్తుంది. డబ్బులన్నీ అప్పటికే దీపాలకు పోయి ఉన్నాయి, నేనూ గట్టిగా అడగలేదు. అది రెండో తప్పు.

ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకాల కోసం అబ్బాయి వచ్చినప్పుడు కూర్చోబెట్టి టీ తెప్పించాను. "ఆ ఇరవై ఆరు రోజులు పోకుండా ఉంటే నాన్న ఇంకా ఉండేవాడా సార్" అని అడిగాడు. ఎన్ని నెలలు పెరిగేవో చెప్పలేను, పెద్దగా పెరిగి ఉండకపోవచ్చు అన్నాను. కానీ ఆ ఇరవై ఆరు రోజులూ ఆయన తిని, పడుకుని ఉండేవాళ్లు, అది మాత్రం ఖాయం అన్నాను. ఆ రోజు నీ ఫోన్ చూడనందుకు ఏమనుకోకు అని కూడా అన్నాను. తల ఊపాడు. కాసేపాగి, ఆ తొమ్మిది వేల దీపం విప్పి చూశానని చెప్పాడు, లోపల ఉన్నది 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు, కోళ్ల షెడ్లలో పిల్లలకు వెచ్చదనం కోసం పెట్టేదే, నెల్లూరు ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకు దొరుకుతుంది. అమ్మ పారేయనియ్యలేదంట. పెరట్లో గంప కింద నాటుకోడి పిల్లలు పదకొండు ఉంటే, చలికాలం గదా అని వాటికి పెట్టింది.